సమన్లు అందాక 30 రోజులు

నేరం మోపి అరెస్టు చేసిన మనిషికి లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, ప్రభుత్వమే తన ఖర్చుతో లాయరును ఏర్పాటు చేయాలి. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. ముద్దాయి తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరని కనిపిస్తే జడ్జిగారే ఆ సంగతి పట్టించుకుంటారు. జైలుకు వెళ్లే ప్రమాదంలో ఉన్న మనిషిని ఒంటరిగా వదిలేయకూడదని మన న్యాయవ్యవస్థ ఒప్పుకుంది.

మరి సివిల్ కోర్టు? అక్కడ తేలేవి అప్పుల కేసులు, పొలం గట్ల తగాదాలు, ఇంటి అద్దె వివాదాలు, ఆస్తి పంపకాలు. ఓడిపోతే ఇల్లు పోవచ్చు, పొలం పోవచ్చు, జీవితకాలపు కష్టం ఒక్క కాగితంతో చేయి జారిపోవచ్చు. అయినా సివిల్ కేసులో లాయరు తనంతట తానుగా రాడు. ఉచితంగా లాయరును ఇచ్చే చట్టం ఉంది. కానీ అడగాలి. అడగవచ్చని తెలియాలి. తెలిసేలోపు గడువు దాటిపోకూడదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ గడువు గురించి, ఆ గడువులోపల ఒక లాయరు ఇష్టపూర్వకంగా ఇచ్చే ఒక గంట సమయం ఎంత పని చేస్తుందన్న దాని గురించి.

ఎవరి కేసు వారు స్వయంగా వాదించుకోవచ్చు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆ హక్కు ఇచ్చింది. దావా వేసినా, దావాకు జవాబు ఇచ్చినా, సంతకం మీరే పెట్టి, మీరే నిలబడి, మీ మాట మీరే చెప్పుకోవచ్చు. కాగితం మీద ఈ హక్కు బాగానే ఉంది. కానీ మన జిల్లా, మండల కేంద్రాల కోర్టుల్లో లాయరు లేని పేద ప్రతివాది నిలబడి వాదించుకోవడం చాలా అరుదుగా కనిపిస్తుంది. ఎక్కువగా జరిగేదేమిటంటే, ఆ మనిషి అసలు కోర్టుకే రాడు. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి పేరు పిలుస్తాడు. పలికేవారుండరు. జడ్జిగారు ఫైలు మీద ఎక్స్‌పార్టీ అని రాస్తారు. అంటే ప్రతివాది లేకుండానే కేసు ముందుకు సాగుతుంది. తర్వాత డిక్రీ వస్తుంది. ఆ మనిషి దగ్గర మంచి జవాబు ఉందో లేదో ఎవరికీ తెలియదు. చెప్పనే లేదు కదా.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ఊళ్లో ఒకాయన ప్రామిసరీ నోటు మీద లక్ష రూపాయలు అప్పు తీసుకున్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. మధ్యలో రెండు విడతలుగా 40,000 రూపాయలు కట్టాడు. ఒక విడత చేతికిచ్చాడు, ఇంకో విడత ఫోన్‌పేలో పంపాడు. కట్టిన డబ్బు నోటు వెనక జమ రాయించుకోవాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. తర్వాత జబ్బు చేసి చనిపోయాడు. భార్య కూలిపని చేసుకుంటూ ఇద్దరు పిల్లలను చదివిస్తోంది. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు నిండే ముందు, అప్పిచ్చినవారు ఆమె మీద, పిల్లల మీద దావా వేశారు. అసలు, వడ్డీ కలిపి సుమారు 1,70,000 రూపాయలు. కట్టిన 40,000 ఊసే దావాలో లేదు.

కోర్టు అమీనా సమన్లు తీసుకుని ఇంటికి వచ్చాడు. ఇక్కడ ఆమె ఏం చేస్తుంది? ఇరుగుపొరుగు వాళ్లు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. “సంతకం పెట్టకమ్మా, తీసుకోకపోతే కేసు నడవదు.” శ్రోతలారా, ఈ మాట పూర్తిగా తప్పు. సమన్లు కావాలని తిరస్కరిస్తే, అందినట్టే లెక్క వేసే అధికారం కోర్టుకు ఉంది. ఇంటి తలుపుకు అంటించి వెళ్లినా అందినట్టు పరిగణించే పద్ధతి ఉంది. తీసుకోకపోవడం వల్ల కేసు ఆగదు. తన మీద ఏం రాశారో చదువుకునే అవకాశం మాత్రం ఆమెకు పోతుంది.

ఒకవేళ తీసుకుంది అనుకుందాం. కవరులో నాలుగైదు పేజీలు, చాలా కోర్టుల్లో అవి ఇంగ్లీషులోనే ఉంటాయి. ఆమెకు అర్థమయ్యేది తన పేరు, భర్త పేరు, వాయిదా తేదీ, ఆ పెద్ద అంకె. తను కూలి చేసి సంపాదించే డబ్బంతా అప్పుకే పోతుందని, తనను జైల్లో పెడతారని భయపడుతుంది. అప్పిచ్చిన వారి దగ్గరికి వెళ్లి బతిమాలుకుంటుంది. “నువ్వేం కంగారు పడకు, కోర్టుకు రావాల్సిన పని లేదు, మేం చూసుకుంటాం” అంటే నమ్ముతుంది. వాయిదా దాటిపోతుంది.

ఇప్పుడు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. సమన్లు అందిన తేదీ నుంచి 30 రోజుల్లో ప్రతివాది రాతపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. సరైన కారణం చూపితే కోర్టు ఈ గడువును 90 రోజుల వరకు పెంచవచ్చు. మామూలు సివిల్ దావాల్లో ఆ తర్వాత కూడా అసాధారణ పరిస్థితుల్లో అనుమతించే వీలుందని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ దాని మీద ఆశ పెట్టుకోకూడదు. 30 రోజులనే గుర్తు పెట్టుకోవాలి.

జవాబులో ఏం రాశామన్నది ఇంకా ముఖ్యం. దావాలోని ఒక్కో విషయానికి విడివిడిగా జవాబు చెప్పాలి. “ఇదంతా అబద్ధం” అని ఒక్క ముక్కలో రాస్తే చాలదు. స్పష్టంగా కాదనని విషయాన్ని ఒప్పుకున్నట్టే కోర్టు తీసుకోవచ్చు. ప్రామిసరీ నోటు విషయంలో ఇంకో చిక్కుంది. నోటు మీద సంతకం ఉందని తేలితే, డబ్బు చేతులు మారిందనే కోర్టు మొదట భావిస్తుంది. మారలేదని, లేదా కొంత తీర్చేశామని చూపించాల్సిన భారం ప్రతివాది మీద పడుతుంది. అంటే ఊరుకున్న ప్రతివాది ఓడిపోయినట్టే.

ఇదే ఆమె, ఆ 30 రోజుల్లో ఏదో ఒక రోజున, ఒక లాయరు ఎదుట గంటసేపు కూర్చుంది అనుకోండి. ఆయనో ఆవిడో రుసుము తీసుకోరు. ముందు దావా కాగితాలను ఆమెకు అర్థమయ్యే తెలుగులో చదివి వినిపిస్తారు. ఏ కోర్టు, కేసు నంబరు ఎంత, వాయిదా ఎప్పుడు అన్నవి ఒక కాగితం మీద రాసిస్తారు. తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. నోటు మీద ఉన్నది మీ ఆయన సంతకమేనా? నోటు తేదీ ఎప్పటిది, మూడేళ్లు దాటిందా? నోటు వెనక ఏమైనా జమ రాసి ఉందా, ఉంటే ఆ సంతకం ఎవరిది? ఈ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. దావా వేయడానికి ఉన్న ఆ మూడేళ్ల గడువులోపల కొంత సొమ్ము జమ రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. మనిషి చనిపోయిన తర్వాత తేదీతో జమ కనిపించిన నోటు ఉంటే, ఆ ఒక్క సంగతితో కేసు తలకిందులవుతుంది.

డబ్బు ఏమైనా కట్టారా అని అడిగితే ఆమె 40,000 సంగతి చెబుతుంది. భర్త ఫోన్ ఇంకా ఇంట్లో ఉందా, ఆయన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు తీసుకోవచ్చా అని లాయరు అడుగుతారు. ఫోన్‌పేలో వెళ్లిన 20,000కు అక్కడ రుజువు దొరుకుతుంది. చేతికిచ్చిన 20,000కు, ఆ సమయంలో పక్కన ఎవరున్నారో గుర్తు చేసుకోమంటారు.

ఆ తర్వాత ఆమె భయాల్లో అన్నిటికంటే పెద్దదానికి జవాబు చెబుతారు. చనిపోయిన మనిషి చేసిన అప్పుకు వారసులు తమ సొంత సంపాదన నుంచి కట్టాల్సిన పని లేదు. ఆయన ఆస్తి వాళ్ల చేతికి ఎంత వచ్చిందో, అంతవరకే వాళ్ల బాధ్యత. ఆయన పేరున అరెకరం పొలం ఉంటే బాధ్యత ఆ పొలం వరకే. ఆమె కూలి డబ్బుల మీదికి రాదు. అయితే ఈ మాట జవాబులో రాయాలి. రాయకుండా ఎక్స్‌పార్టీ అయితే, ఆ తర్వాత ఇదే మాట చెప్పుకోవడానికి నాలుగింతలు తిరగాలి. కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడు వేలితో వచ్చేస్తుంది, వేళ్లూనిన తర్వాత పలుగు కావాలి. సివిల్ కేసులో లాయరు సాయం కూడా అంతే. సమన్లు అందిన వారంలో ఒక గంట చేసే మేలు, డిక్రీ వచ్చాక ఏడాది తిరిగినా చేయలేకపోవచ్చు.

డిక్రీ వచ్చిన తర్వాత కూడా చట్టం మనిషిని పూర్తిగా వదిలేయలేదు. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే తెలియకపోవడం వల్లే జనం నష్టపోతున్నారు. డిక్రీ అమలు చేయమని వేసే పిటిషన్‌ను కోర్టుల్లో ఈపీ అంటారు. ఈపీలో దేన్ని జప్తు చేయకూడదో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 60వ సెక్షన్ జాబితా ఇచ్చింది. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు ముట్టుకోకూడదు. చేతిపనివాళ్ల పనిముట్లు ముట్టుకోకూడదు. రైతుకు బతుకుదెరువుగా ఉన్న వ్యవసాయ పనిముట్లు, పశువులు, విత్తనపు ధాన్యం జప్తు నుంచి మినహాయింపు. రైతు గాని, కూలీ గాని, ఇళ్లలో పనిచేసే మనిషి గాని నివసించే సొంత ఇంటికి రక్షణ ఉంది. కూలీల కూలి డబ్బు జప్తు చేయడానికి వీల్లేదు. డబ్బు చెల్లించాలన్న డిక్రీలో స్త్రీని అరెస్టు చేయకూడదని 56వ సెక్షన్ చెబుతోంది. పురుషుడినైనా, కట్టగలిగి ఉండీ కట్టకపోతేనే తప్ప, కేవలం లేమి వల్ల కట్టలేకపోయినందుకు జైలుకు పంపకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. డిక్రీ సొమ్మును వాయిదాల పద్ధతిలో కట్టుకునేలా ఉత్తర్వు ఇచ్చే అధికారం కూడా కోర్టుకు ఉంది.

ఈ రక్షణలన్నీ పుస్తకంలో ఉన్నాయి. కానీ ఆ పుస్తకం తెరిచి చూపించే మనిషి పక్కన లేకపోతే, కూలి డబ్బులు కూడా జప్తు చేస్తారని బెదిరిస్తే ఆమె నమ్మి, మెడలోది తాకట్టు పెట్టి కట్టేస్తుంది.

ఎక్స్‌పార్టీ అయిపోయినవాళ్లు ఇక దారే లేదని అనుకోకండి. కేసు ఇంకా విచారణలో ఉంటే, ముందు రాలేకపోయినందుకు తగిన కారణం చూపి మళ్లీ అందులోకి రావచ్చు. డిక్రీ అయిపోతే, దాన్ని రద్దు చేయమని ఆ డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. సమన్లు సరిగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కిస్తారు. ఇక్కడా అదే అంకె. అందుకే మళ్లీ మళ్లీ చెబుతున్నాను, 30 రోజులు.

ఇంతకీ ఆ గంట ఇచ్చే లాయరు ఎక్కడ దొరుకుతారు?

పేదవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఎలా అందాలన్న దాని మీద 1973లో జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత జస్టిస్ పి.ఎన్. భగవతి, కృష్ణయ్యర్ కలిసి ఆ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లారు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది. డబ్బు లేదన్న కారణంతో గాని, మరే వైకల్యం వల్ల గాని ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని దాని సారాంశం. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. అందుకే ఏటా నవంబరు 9ని జాతీయ న్యాయ సేవల దినంగా జరుపుకుంటున్నాం.

ఆ చట్టంలోని 12వ సెక్షన్ ఎవరికి ఉచిత సహాయం హక్కో చెబుతుంది. స్త్రీలకు, ఆదాయంతో సంబంధం లేకుండా. పిల్లలకు. ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి. వికలాంగులకు. పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు. మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరికి గురైనవారికి. వరద, కరువు, భూకంపం లాంటి విపత్తుల బాధితులకు. నిర్బంధంలో ఉన్నవారికి. వీళ్లు కాక, ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్న ఎవరికైనా. మనం చెప్పుకున్న ఆ కూలి తల్లి ఆదాయ ధ్రువపత్రం చూపించాల్సిన పని కూడా లేదు. స్త్రీ కావడమే చాలు.

ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. జిల్లా జడ్జిగారే దానికి అధ్యక్షులు. కింది స్థాయిలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మండల న్యాయ సేవల కమిటీలు ఉన్నాయి, స్థానిక సీనియర్ న్యాయాధికారి వాటికి అధ్యక్షులుగా ఉంటారు. తెల్లకాగితం మీద తెలుగులో దరఖాస్తు రాసిస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, అక్కడివాళ్లు రాసుకుంటారు. దరఖాస్తు మీద ఏడు రోజులు దాటకుండా నిర్ణయం తీసుకోవాలని నియమం. సహాయం మంజూరైతే లాయరు రుసుమే కాదు, కోర్టు ఫీజు, సమన్ల ఖర్చు, తీర్పు నకళ్ల ఖర్చు కూడా సంస్థే భరిస్తుంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది ఉచితం. ఊళ్లల్లో తిరిగే పారా లీగల్ వాలంటీర్లు 2009 నుంచి ఉన్నారు, వాళ్లు మిమ్మల్ని ఆ ఆఫీసు దాకా చేర్చగలరు. 2017లో కేంద్ర న్యాయశాఖ న్యాయబంధు అనే పథకం మొదలుపెట్టింది. ఫీజు లేకుండా కేసు తీసుకుంటామని పేరు నమోదు చేసుకున్న లాయర్లను, అవసరమైన వాళ్లతో అది కలుపుతుంది.

జనంలో ఒక మాట ఉంది. “ఊరికే వచ్చిన లాయరు ఊరికే చేస్తాడా?” ఈ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్లకు ఇచ్చే పారితోషికం బయటి ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. కేసులు ఎక్కువ, సమయం తక్కువ. అశ్రద్ధ జరిగితే దెబ్బతినేది పేదవాడే. అలాంటప్పుడు ఊరుకోకండి. ఆ సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి, లాయరును మార్చమని అడగండి. ప్యానెల్ లాయరు మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. తీసుకుంటే అది కూడా చెప్పండి. ఉచితంగా వచ్చేది దయాధర్మం కాదు, హక్కు. హక్కుగా వచ్చిన పని నాణ్యంగా ఉండాలని అడగడం తప్పు కాదు.

ఇక నా తోటి న్యాయవాదులతో నాలుగు మాటలు.

మనలో చాలామందికి సాయం చేయాలని ఉంటుంది. వెనకాడేది వకాల్తా దగ్గర. వకాల్తా మీద సంతకం పెడితే ఆ కేసు ముగిసేదాకా మన మెడకు చుట్టుకుంటుంది. సివిల్ కేసు ఎన్నేళ్లు సాగుతుందో మనకు తెలుసు. ఉచితంగా ఏళ్ల తరబడి ఒక కేసు మోయడం అందరికీ సాధ్యం కాదు, ముఖ్యంగా జూనియర్లకు. నిజమే. కానీ సాయమంటే వకాల్తా ఒక్కటే కాదు. దావా చదివి తెలుగులో వివరించడానికి వకాల్తా అక్కర్లేదు. జవాబు రాసిపెట్టడానికి వకాల్తా అక్కర్లేదు, దాని మీద పార్టీ ఒక్కరే సంతకం పెట్టి దాఖలు చేసుకోవచ్చు. ఏ తేదీన ఏం జరుగుతుందో, ఏ కాగితం తీసుకురావాలో చెప్పడానికి వకాల్తా అక్కర్లేదు.

న్యూయార్క్ నగర సివిల్ కోర్టులో అప్పుల కేసులకు ఒక పద్ధతి ఉంది. అక్కడ కూడా అప్పు వసూలు కేసుల్లో ప్రతివాదులు ఎక్కువమంది లాయరు లేకుండా వచ్చేవారు, లేదా రాకుండానే ఓడిపోయేవారు. అందుకని శిక్షణ పొందిన లాయర్లు స్వచ్ఛందంగా కోర్టుకు వచ్చి, ఆ రోజు వాయిదా ఉన్న వాళ్లతో మాట్లాడి, ఆ ఒక్క రోజుకు వాళ్ల తరఫున నిలబడతారు. అవతలి లాయరుతో మాట్లాడతారు, జడ్జి ముందుకు వెళతారు. ఆ రోజుతో వాళ్ల బాధ్యత తీరుతుంది, ఆ సంగతి ముందే స్పష్టంగా చెబుతారు. పూర్తి సాయం కాకపోయినా, అవసరమైన చోట దొరికే సాయం. మన నియమాలు వేరు, మన కోర్టుల తీరు వేరు. దాన్ని యథాతథంగా ఎత్తుకురమ్మని నేను అనడం లేదు. పరిమితమైన సాయానికీ విలువ ఉందన్న ఆలోచనను మనం తీసుకోవచ్చు.

తన కేసు తాను నడుపుకునే మనిషికి ఎక్కడ కష్టమవుతుందో మనకు తెలుసు. సాక్షిని క్రాస్ చేయడం దగ్గర. ప్రశ్న అడగమంటే ఆ మనిషి తన గోడు చెప్పడం మొదలుపెడతాడు. జడ్జిగారు ఆపుతారు. ఆయనకు అవమానంగా ఉంటుంది, జడ్జిగారు అవతలి పక్షమని అనుకుంటాడు. నిజానికి జడ్జిగారు ఒక పక్షానికి సలహా చెప్పకూడదు. అలాంటి మనిషికి విచారణకు ముందు రోజు ఒక లాయరు కూర్చుని, మీరు సాక్షిని అడగాల్సిన ప్రశ్నలు ఇవి, మీ కథ చెప్పే సమయం వేరే ఉంది, మీ అఫిడవిట్‌లో అది రాద్దాం అని చెబితే, ఆయన కేసు సరైన దారిలో పడుతుంది, కోర్టు సమయమూ ఆదా అవుతుంది. ఫ్యామిలీ కోర్టుల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అక్కడ లాయరును పెట్టుకోవడం హక్కుగా రాదు, కోర్టు అనుమతించాలి. అందుకే అక్కడ చాలామంది తామే నిలబడాల్సి వస్తుంది. కోర్టు కోరితే న్యాయసహాయకులుగా నిలబడే లాయర్ల పేర్లు సిద్ధంగా ఉండాలి.

లోక్ అదాలత్ విషయంలో కూడా మన బాధ్యత ఉంది. లోక్ అదాలత్ మంచి వేదిక. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది. కానీ దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టే ముందు ఆ మనిషికి తన హక్కులు తెలిసి ఉండాలి. మన ఉదాహరణలోని తల్లికి, కట్టేసిన 40,000 రూపాయలను లెక్కలోకి తెచ్చుకోవచ్చని, తన కూలి మీద బాధ్యత లేదని తెలిసి రాజీ పడితే అది న్యాయమైన రాజీ. తెలియక పడితే అది లొంగిపోవడం. ఆ తేడా చూపించే పది నిమిషాలు లాయరు ఇవ్వగలడు.

పేదవాడికి సాయం చేయడం న్యాయవాది సమాజానికి చెల్లించాల్సిన అత్యున్నత బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. తన ఆర్థిక స్థితి అనుమతించినంత మేరకు అని కూడా అందులోనే ఉంది. అంటే మన శక్తికి మించి ఎవరూ అడగడం లేదు. ప్రతి కోర్టు ఆవరణలో, బార్ అసోసియేషన్ హాలు పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేద్దాం. నెలకు ఒక పూట చొప్పున మనం వంతులు వేసుకుందాం. మన కోర్టుల్లో పనిచేస్తున్న మహిళా న్యాయవాదులు ఆ బల్ల దగ్గర ఉంటే, భర్త మీదో, అత్తవారి మీదో కాగితాలు పట్టుకుని వచ్చే ఆడవాళ్లు కొంత ధైర్యంగా నోరు విప్పుతారు. న్యాయ కళాశాలల విద్యార్థులు దరఖాస్తులు రాయడంలో, కాగితాలు సర్దడంలో సాయపడవచ్చు, వాళ్లకు అదొక చదువు. నియమం ఒక్కటే గట్టిగా పాటించాలి. అక్కడికి వచ్చిన మనిషి దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఆ మనిషికి ఎదుటి పక్షం కేసు మనం తీసుకోకూడదు, ఆ మనిషి చెప్పిన మాట బయటికి పోకూడదు.

న్యాయస్థానాలకు, న్యాయ సేవాధికార సంస్థలకు నా విన్నపం ఒకటుంది. సమన్లతో పాటు తెలుగులో ఒక్క పేజీ జతచేయండి. మీ మీద ఫలానా వారు ఇంత మొత్తానికి దావా వేశారు, ఫలానా తేదీన ఫలానా కోర్టుకు రావాలి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, లాయరు లేకపోతే ఈ ఆఫీసుకు వెళ్లండి లేదా 15100కు ఫోన్ చేయండి. ఈ నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో ఉంటే, చదువురాని వాళ్లకు ఇంట్లో చదువుకునే పిల్లలైనా చదివి వినిపిస్తారు. దీనికయ్యే ఖర్చు ఒక కాగితం.

చివరగా, వింటున్న మీ అందరికీ. మీ ఇంటికి గాని, మీ పక్కింటికి గాని కోర్టు కాగితం వస్తే, తిరస్కరించకండి. తీసుకున్న తేదీ కవరు మీద రాసిపెట్టుకోండి. ఖాళీ కాగితం మీద, మీకు అర్థం కాని కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. అప్పు తీర్చిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించుకోండి, లేదా రశీదు తీసుకోండి. రావాల్సిన పని లేదని అవతలివాళ్లు చెప్పినా, వాయిదా రోజున కోర్టులో హాజరు కండి. పిలిచినప్పుడు నిలబడి, “అయ్యా, నాకు లాయరు లేరు, న్యాయసహాయం కావాలి” అని తెలుగులోనే చెప్పండి. ఆ మాటను జడ్జిగారు వినకుండా పోనివ్వరు. వాయిదా దాకా ఆగకుండా ఆ వారంలోనే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లడం ఇంకా మేలు. నంబరు మళ్లీ చెబుతున్నాను, ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. 15100.

బాకీ ఉన్నవాళ్లు బాకీ తీర్చాల్సిందే. దాన్ని ఎగ్గొట్టే దారి చెప్పడానికి ఈ ప్రసంగం కాదు. తీర్చాల్సింది ఎంత, ఎప్పుడు, ఎవరి ఆస్తి నుంచి అన్నది ఇరుపక్షాల మాట విన్న తర్వాతే తేలాలి. ఒక పక్షం మాట మాత్రమే విని ఇచ్చిన డిక్రీ చట్టప్రకారం చెల్లుతుంది గాని, అందులో రెండో పక్షం నిజం ఉండదు. ఆ నిజాన్ని కోర్టు దాకా చేర్చడానికి లాయరు ఒక గంట ఇవ్వాలి, ఆ గంట కోసం మీరు 30 రోజుల్లోపు అడగాలి. రెండూ జరిగిన చోట పేదవాడు గెలిచినా, ఓడినా, తన మాట చెప్పుకునే బయటికి వస్తాడు.